మల్లన్న హుండీలో పడిన సర్టిఫికెట్

నర్మెట్టలో కాగితం పోగొట్టుకున్నవాళ్లు ముందు దేవుడికి మొక్కుకుంటారు, ఆ తర్వాత సునంద దగ్గరకు వస్తారు. దేవుడు ఏమీ అడగడు. సునంద మాత్రం అడిగి అడిగి ప్రాణం తోడేస్తుంది. ఎప్పుడు తీయించినవ్? ఎండకాలమా, వానకాలమా? ఒక్కనివే వచ్చినవా, తోడెవరన్న ఉన్నరా? రంగులదా, నలుపుదా? ఇన్ని జవాబులు చెప్పేకంటే బోనమెత్తడమే తేలికని ఊళ్లో కొందరు సణుగుతారు. సణిగేవాళ్లు కూడా చివరికి తేలేది ఆమె బల్ల ముందే.

ఆ దుకాణం సగం సునంద భర్త లక్ష్మీనారాయణది, సగం ఆమెది. ఆయన వైపు పప్పులు, బెల్లం, ఎండుమిర్చి. ఆమె వైపు ఒక కంప్యూటర్, రెండు ప్రింటర్లు, ఒక జిరాక్స్ మిషన్. ఇటువైపు వచ్చినవాళ్లు మిర్చి ఘాటుకు తుమ్ముతూనే దరఖాస్తు నింపుకుంటారు. సునందకు యాభై దాటాయి. జనగామలో బట్టల వ్యాపారుల ఇంట్లో పుట్టింది, ఇంటర్ పాసయింది, పెళ్లయి వచ్చి ఇరవై ఏళ్లు కిరాణా గల్లాపెట్టె వెనక కూర్చుంది. కంప్యూటర్ ఆమె కోరి తెచ్చుకున్నది కాదు. లక్ష్మీనారాయణ ఎవరో చెప్పగా విని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, నడపడానికి మనిషిని పెట్టాడు. ఆ మనిషి మూడు నెలలకే మానేశాడు. మిషన్ల మీద దుప్పటి కప్పేశారు, దుప్పటి మీదికి ఉల్లిగడ్డల బస్తా ఎక్కింది. ఒకరోజు సునందకు ఒళ్లు మండింది. బస్తా దించి, దుప్పటి లాగి, కూతురు రచనకు ఫోన్ చేసింది. "దీని మీట ఎక్కడుంటదే?" అని అడిగింది. అప్పటికి ఆమెకు నలభై ఒకటి. ఆ వయసులో అక్షరాలు వెతుక్కుంటూ ఒక్క వేలితో కొడుతుంటే చూసినవాళ్లు నవ్వారు. నవ్విన నాపచేనే పండుతుందంటారు కదా, పండింది.

ఆమె పద్ధతి కిరాణా నుంచి వచ్చింది. కొత్త కోడలుగా అడుగుపెట్టిన మొదటి వారంలోనే, చీటీ లేని డబ్బాలో తెల్లగా ఉన్నది చక్కెర అనుకుని మామగారి చాయ్‌లో నిమ్మఉప్పు వేసింది. పాలు విరిగాయి, మామగారి ముఖం కూడా విరిగింది. ఆ రోజు నుంచి ఇంట్లో చీటీ లేని డబ్బా లేదు. కరోనా లాక్‌డౌన్‌లో జనం రాక చేతులు ఊరుకోలేక, కంప్యూటర్‌లో ప్రతి ఫైలుకూ చీటీ రాయడం మొదలుపెట్టింది. ముందు ఏడాది, తర్వాత నెల, తర్వాత తేదీ, ఆ వెనక ఊరు, ఇంటిపేరు, మనిషి, కాగితం. ఏడాది ముందు పెడితే ఫైళ్లు వాటంతట అవే వరసలో నిలబడతాయి, రేషన్ లైన్‌లోలా ఎవరూ ముందుకు దూరరు. ప్రతి ఫైలూ రెండు చోట్ల ఉంటుంది. ఒకటి కంప్యూటర్‌లో, ఇంకోటి ఇంటి బీరువాలో ఉండే హార్డ్ డిస్క్‌లో. "ఒక జాడిల తొక్కుకు బూజు పడితే ఇంకో జాడి ఉండాలె గదా" అంటుంది.

వెతకడం కూడా నేర్పుతుంది, తిట్టి నేర్పుతుంది. ఒకసారి పక్క ఊరి రైతు జోసెఫ్ ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని, చేనులో మక్కజొన్నకు ఏదో పురుగు పడిందని, ఆకులన్నీ జల్లెడ చేస్తోందని, తమ్ముడు చెప్పిన మందు కొట్టినా లాభం లేదని గూగుల్‌కు మొర పెట్టుకుంటున్నాడు. సునంద ఫోన్ లాక్కుంది. "గది నీ మేనబావనా, కష్టసుఖాలు చెప్పుకోను? రెండు మాటలు చాలు. మక్క, కత్తెర పురుగు. పక్కన వ్యవసాయ యూనివర్సిటీ అని పెట్టు, మందులమ్మెటోళ్లు పక్కకు జరుగుతరు. పైన యాడ్ అని ఉన్నదాన్ని ముట్టకు, గది పైసలిచ్చి ముంగట కూసున్నది." సర్కారు పనైతే వెబ్‌సైటు తోక చూడమంటుంది. చివర gov.in ఉందా లేదా? గొర్రెను కొనేవాడు పళ్లు చూడకుండా కొంటాడా మరి. జోసెఫ్ ఇప్పుడు తన ఊళ్లో పదిమందికి తోకలు చూడడం నేర్పుతున్నాడు.

ఇంత చెప్పే సునందకు ఒక్క లోటు ఉంది. అది ఎవరికీ చెప్పుకోదు. లాక్‌డౌన్‌కు ముందు స్కాన్ చేసిన ఫైళ్లకు చీటీలు లేవు. మిషన్ తనకు తోచిన అంకెలు వేసుకుంటూ పోయింది. అవి పదకొండు వేల పైచిలుకు. పాత కంప్యూటర్ పాడైనప్పుడు వాటన్నిటినీ కట్టగట్టి ఒక ఫోల్డర్‌లో పోసి, దానికి 'పాత గోదాం' అని పేరు పెట్టింది. ఎప్పటికైనా సర్దాలనుకుంటూనే ఐదేళ్లు గడిచిపోయాయి.

మొన్నటి శ్రావణంలో ఒక మధ్యాహ్నం దుర్గయ్య వచ్చాడు. ఒగ్గు కథ చెప్పే మనిషి. అరవై నాలుగేళ్లుంటాయి, చెవులకు పోగులు, నుదుటి మీద పసుపు బండారి, మైకు లేకపోయినా మూడు వాడలకు వినిపించే గొంతు. వెంట కొడుకు రవి, డోలు కొట్టే సాయిలు ఉన్నారు. ముగ్గురూ ఎండలో బండి మీద వచ్చి చెమటలు కక్కుతున్నారు.

"చెల్లే, నా కాయితం జర దేవులాడి పెట్టాలె" అన్నాడు దుర్గయ్య.

విషయం రవి చెప్పాడు. ఢిల్లీలో పెద్ద జానపద ఉత్సవం జరుగుతుందట. దేశం నలుమూలల నుంచి బృందాలను పిలుస్తారట. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. ఆఖరు గడువు ఈ రోజు సాయంత్రం ఐదు. ఆ మెసేజ్ వాట్సాప్‌లో తిరిగి తిరిగి వాళ్ల దగ్గరకు చేరింది నిన్ననే. వీడియో ఉంది, ఆరుగురి ఆధార్ కార్డులూ ఉన్నాయి. ఇదివరకు గుర్తింపు పొందినట్టు ఒక సర్టిఫికెట్ పెట్టాలి, అది లేకపోతే దరఖాస్తు ముందుకు కదలదు.

"జిల్లాల ఫస్ట్ ప్రైజు అచ్చింది సూడు, గదొక్కటే ఉన్నది నా జిందగీల" అన్నాడు దుర్గయ్య.

"మరి అసలు ఏదే అన్నా?"

దుర్గయ్య కొడుకు వైపు చూశాడు. రవి నేల వైపు చూశాడు. సాయిలు ఉల్లిగడ్డల బస్తా వైపు చూశాడు.

"మల్లన్న హుండిల ఏసిన" అన్నాడు దుర్గయ్య.

అటువైపు కందిపప్పు తూస్తున్న లక్ష్మీనారాయణ చేయి ఆగిపోయింది. "సర్టిఫికెట్ హుండిల ఏసినవా? లోకంల అందరు పైసలేస్తరు గదనే!"

"పైసలు అందరేస్తరు సేటు. నాకు పలుకు ఇచ్చింది మల్లన్న. డోలు మీద దెబ్బ ఇచ్చింది మల్లన్న. మొదటి బహుమానం వస్తె నీకే అని మొక్కిన. వచ్చింది, కొమురెల్లి గుడికి పోయి ఇచ్చిన. నా ఇంట్ల గోడకు తగిలిచ్చుకుంటె తప్పు గాదా?"

మొక్కు మొక్కే. రవి మాత్రం మెల్లగా, హుండీలో వేసే ముందు రోజు తాను పట్టుబట్టి ఈ దుకాణంలోనే కలర్ జిరాక్స్ తీయించానని చెప్పాడు. ఆ జిరాక్స్ పోయిన వానకాలం ఇల్లు కురిసినప్పుడు నానిపోయింది. సునంద కళ్లు మెరిశాయి. కలర్ అయితే స్కాన్ చేసి ప్రింటు తీస్తుంది, అంటే ఫైలు మిగిలే ఉంటుంది.

"ఎప్పుడు తీసినం?"

"మేడారం జాతర అయిన ఏడు" అన్నాడు దుర్గయ్య, ఇంకేం కావాలన్నట్టు.

ఈ చుట్టుపక్కల ఎవరినడిగినా తేదీ చెప్పరు. జాతర చెబుతారు, వడగళ్లు పడిన రోజు చెబుతారు, బర్రె ఈనిన వారం చెబుతారు. వాటిని తేదీలుగా మార్చడమే సునంద అసలు విద్య. మేడారం రెండేళ్లకోసారి. మొదట 2022 చూసింది. ఆ ఏటి ఫైళ్లకు చీటీలున్నాయి, దుర్గయ్య ఇంటిపేరు కొట్టింది. రేషన్ కార్డు వచ్చింది, గొర్రెల సొసైటీ కాగితం వచ్చింది, సర్టిఫికెట్ రాలేదు. 2024లో అవీ లేవు. గడియారం మూడు కొట్టింది.

"అన్నా, జర మంచిగ యాజ్జేసుకో. ఆ దినం నా మూతికి మాస్కు ఉన్నదా?"

దుర్గయ్య కళ్లు మూసుకున్నాడు. కథ మధ్యలో రాగం అందుకునే ముందు అలాగే మూసుకుంటాడు. "లేదు చెల్లే. నువ్వు నవ్వినవ్. నీ పండ్లు కనవడ్డయ్. దేవునికి జిరాక్స్ ఎందుకే అన్నవ్."

మాస్కు లేదంటే కరోనాకు ముందే. కలర్ ప్రింటర్ కొన్నదే 2019లో. 2020 అది. పాత గోదాం.

ఆ మాట పైకి అనకుండా ఫోల్డర్ తెరిచింది. పదకొండు వేల ఫైళ్లు, అన్నీ అంకెలే. తేదీల వరసలో పెడదామని చూస్తే అన్నిటికీ ఒకే తేదీ కనిపించింది. పాత కంప్యూటర్ నుంచి దించిన రోజు. పదకొండు వేల కాగితాలూ ఒకే రోజు పుట్టాయట! సునంద ముఖం పాలిపోవడం చూసి సాయిలు బయటకు పోయి బీడీ ముట్టించాడు. రవి ఫోన్‌లో టైమ్ చూసి, చూడనట్టు జేబులో పెట్టుకున్నాడు.

ఆమెకు కోపం వచ్చింది, దుర్గయ్య మీద కాదు, తన మీద. ఊరందరికీ చీటీలు రాయమని చెప్పి, తన గోదాంను గాలికొదిలింది. కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ తెర వైపు తిరిగింది. ఆగు, అనుకుంది. ఇది ఫైలు ఈ కంప్యూటర్‌కు వచ్చిన తేదీ. ఫైలును ఆఖరుసారి మార్చిన తేదీ వేరే ఉంటుంది, ఒకచోటి నుంచి ఇంకోచోటికి దించినా అది మారదు. ఆ గడి తెర మీద కనిపించడం లేదు, అంతే. పైన గడుల పేర్ల మీద కుడి బటన్ నొక్కి 'మార్చిన తేదీ'ని బయటకు పిలిచింది. పదకొండు వేల ఫైళ్లూ గలగలా కదిలి వాటి వాటి ఏళ్లలోకి వెళ్లి కూర్చున్నాయి.

"సంకల పిల్లను వెట్టుకుని ఊరంత దేవులాడిన" అని తలకొట్టుకుని, నవ్వింది.

ఇక జాతర తేదీ కావాలి. 'మేడారం జాతర 2020' అని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతికింది. అలా పెడితే ఆ మాటలు అదే వరసలో ఉన్నవే వస్తాయి, వేరే ఏళ్ల గోల రాదు. ఫిబ్రవరి ఐదు నుంచి ఎనిమిది.

"కొమురెల్లికి మేడారం ముంగట పోయినవా, ఎన్కనా?"

"ముంగట. ఆదివారం మల్లన్న, బుధవారం సమ్మక్క."

ఐదో తేదీ బుధవారం. దానికి ముందు ఆదివారం రెండు. జిరాక్స్ అంతకు ముందు రోజు, శనివారం, ఒకటో తేదీ. ఆ ఒక్క రోజులో ఎనభై ఆరు ఫైళ్లున్నాయి. రంగుల ఫైలు నలుపు దానికంటే బరువు, కాబట్టి సైజు వరసలో పెట్టింది. బొమ్మలు పెద్దగా కనిపించేలా మార్చింది. పై నుంచి మూడోది. ఎర్ర అంచు, మధ్యలో డోలు బొమ్మ, కింద పచ్చ సిరాతో సంతకం.

"గిదేనా అన్నా?"

దుర్గయ్య వంగి చూశాడు. "గదే" అన్నాడు. మూడు వాడలకు వినిపించే గొంతు ఆ క్షణంలో బల్ల అవతలికి కూడా చేరలేదు. రవి ఒక్క కేక పెట్టాడు, సాయిలు బీడీ పారేసి లోపలికి ఉరికాడు, లక్ష్మీనారాయణ తక్కెడ వదిలేసి వచ్చి తెర చూసి, తానే వెతికినంత గర్వంగా నిలబడ్డాడు. సునంద వెంటనే ఆ ఫైలుకు చీటీ రాసింది, దరఖాస్తు తెరిచింది, ఒక్కొక్క గడీ నింపింది. నాలుగూ ఇరవై అయింది. సర్టిఫికెట్ ఎక్కించబోతుంటే దుర్గయ్య ఆమె చేతికి చేయి అడ్డం పెట్టాడు.

"ఆగు చెల్లే. వద్దు."

"ఏంది, వద్దా?"

"దేవునికిచ్చింది ఎన్కకు తీసుకుంటమా? గది ఆయనది. దాన్ని నేను మళ్ల వాడుకుంటె మొక్కు తప్పినట్టు గాదా? నాకు ముందుగాల యాదికి రాలే. ఇప్పుడు కండ్ల వడ్డంక భయమైతుంది."

రవి నెత్తి పట్టుకున్నాడు. "బాపూ, ఇది జిరాక్సే" అన్నాడు. "జిరాక్స్ అయితేంది, మొగం అదే గద" అన్నాడు దుర్గయ్య. లక్ష్మీనారాయణ ఏదో అనబోతే సునంద కంటితోనే ఆపింది. ఇది బుకాయించే సంగతి కాదని ఆమెకు తెలుసు. ఈ మనిషి భయం నిజమైన భయం. తెలిసీ తెలియని మాటతో సర్దిచెప్పి పంపితే, ఢిల్లీకి పోయినా ఆయన గొంతు పెగలదు. నాలుగున్నర అయింది.

"అన్నా, ఒకటి అడుగుత. మల్లన్న కథ నీకు ఎవరు చెప్పిండ్రు?"

"మా నాయిన."

"ఆయనకు?"

"వాళ్ల నాయిన."

"నువ్వు ఇప్పటికి ఎన్ని ఊర్లల్ల చెప్పినవ్?"

"లెక్క లేదు."

"అన్ని ఊర్లకు పంచినవ్ గదా, మరి మీ నాయిన కాడ కథ తక్కువైందా? కొమురెల్లిల మల్లన్న కాడ కథ ఒడిసిందా?"

దుర్గయ్య నుదుటి బండారి తడుముకున్నాడు.

"దేవునికి అసలు కాయితం ఇచ్చినవ్. గది ఆయన కాడనే ఉన్నది, దాన్ని ఎవ్వరు ముడుతలేరు. నా కాడ ఉన్నది కథ లెక్కటిది. ఎంతమందికి పంపినా అక్కడ తరుగది. నువ్వు కథను పట్టుకపోయినట్టే నేను దీన్ని ఢిల్లీకి పంపుతున్న. ఇందుల తప్పుంటె, ఊరూరికి కథ పట్టుకపోయిన మీ నాయిన గూడ తప్పు జేసినట్టే."

దుర్గయ్య మొలలోంచి చిన్న సంచి తీసి, చిటికెడు బండారి కంప్యూటర్ నెత్తిన చల్లాడు. కీబోర్డు మీద పడకుండా సునంద రెండు చేతులూ అడ్డం పెట్టింది. "పంపు" అన్నాడు దుర్గయ్య. నాలుగూ నలభై ఎనిమిదికి దరఖాస్తు వెళ్లింది. సునంద అంత సంతోషం తన కూతురు పరీక్షలు పాసైన రోజు కూడా పడలేదు, ఆ మాట రచనకు చెబితే బాగుండదని చెప్పలేదు.

ఐదు వారాలకు జవాబు వచ్చింది. మెయిల్ సునందది కాబట్టి ముందు ఆమెకే తెలిసింది. ఫోన్ చేస్తే దుర్గయ్య ఎత్తలేదు, రవీ ఎత్తలేదు. పక్క ఊళ్లో బీరప్ప గుడి దగ్గర కథ చెబుతున్నారట. ఆమె ప్రింటు తీసి, అంగడి రోజని కూడా చూడకుండా, దుకాణం మొత్తం లక్ష్మీనారాయణకు వదిలేసి ఆటో ఎక్కింది. ఆయన వెనక నుంచి ఏదో అరిచాడు, ఆటో చప్పుడులో వినబడలేదు.

వెళ్లేసరికి కథ మంచి పట్టులో ఉంది. కథను మధ్యలో ఆపకూడదు. నిమిషంలో ఏదైనా వెతికి ఇచ్చే సునంద, చేతిలో కాగితం పెట్టుకుని, ఆడవాళ్ల మధ్య నేల మీద గంటన్నర కూర్చుంది. దుర్గయ్య ఆమెను చూశాడు. ముఖంలోనే చదివేశాడేమో, గొంతు ఒక మెట్టు ఎక్కింది. మంగళం పాడగానే ఆమె లేచింది.

"అన్నా, పిలిచిండ్రు!"

గుడి ముందు ఒక్కసారిగా అరుపులు లేచాయి. దుర్గయ్య కాగితం తీసుకుని, తిప్పి చూసి, మళ్లీ ఆమెకే ఇచ్చాడు. "నాకు సదువు రాదు. అందరు ఇనేటట్టు నువ్వే సదువు."

సునంద చదివింది. కథకుడు దుర్గయ్య. వంత రవి. తాళాలు కొమురయ్య, ఐలయ్య. కంజీర మల్లేశం. డోలు సాయిలు.

సాయిలు చెమట తుడుచుకుంటున్నవాడు ఆగిపోయాడు. నలభై ఏళ్లుగా ఏ కరపత్రం మీద చూసినా, ఏ కాగితం మీద చూసినా 'దుర్గయ్య బృందం' అనే ఉండేది. మిగిలిన ఐదుగురూ ఆ ఒక్క మాటలోనే ఒదిగి ఉండేవాళ్లు.

"నా పేరు గూడ రాసిండ్రా, చెల్లే?" అని అడిగాడు.

"రాసిండ్రు."

"ఇంకోపాలి సదువు."

సునంద మొదటి నుంచి మళ్లీ చదివింది. ఆఖరి పేరు దగ్గరకు వచ్చేసరికి డోలు మోగింది. కొట్టింది సాయిలే. కళ్ల నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా, అంతకంతకూ గట్టిగా కొట్టాడు.